ఏ దేశం జూ మంచిది? పోల్చాలంటే ఏం చూడాలి?

సింగపూర్‌కో, శాన్‌డియాగోకో వెళ్లొచ్చిన బంధువులు ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ అనే మాట మీరూ వినే ఉంటారు: ‘‘అక్కడి జూ చూశాక మన జూకు వెళ్లబుద్ధి కాదు.’’ ఆ మాటలో నిజం ఉంది. కానీ వాళ్లు పోలుస్తున్నది దేన్ని? శుభ్రమైన దారులు, టాయిలెట్లు, ఐస్‌క్రీం దుకాణం, అద్దం వెనక దగ్గరగా కనిపించే పులి. అవన్నీ సందర్శకుడి సుఖాలు. ఆ అద్దానికి అవతల ఉన్న పులికి ఎలా ఉందన్నది వేరే ప్రశ్న.

ఇంటర్నెట్‌లో కనిపించే ‘ప్రపంచంలోని పది అత్యుత్తమ జూలు’ తరహా జాబితాల్లో ఎక్కువ భాగం సందర్శకుల రేటింగులతో తయారైనవే. అన్ని దేశాల జూలను ఒకే కొలతతో కొలిచి మార్కులు వేసే అధికారిక సంస్థ ఏదీ లేదు. ప్రపంచ జూల, ఆక్వేరియంల సంఘం ‘వాజా’ ఉన్నా, అది సభ్యత్వ సంఘమే. లైసెన్సులు ఇవ్వదు, ర్యాంకులూ ఇవ్వదు. కాబట్టి దేశాలను పోల్చాలంటే నాలుగు విషయాలు అడగాలి. జూ పెట్టడానికి అనుమతి ఎవరిస్తారు? తనిఖీ ఎవరు చేస్తారు? ఆ నివేదిక మనకు కనిపిస్తుందా? తప్పు తేలితే ఏమవుతుంది? ఈ నాలుగో ప్రశ్న దగ్గరే చాలా దేశాల అసలు రంగు బయటపడుతుంది.

విస్తీర్ణం చూసి మోసపోవద్దు

ముందు ఒక అపోహ గురించి. పెద్ద జూ అంటే మంచి జూ అనుకుంటాం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జూపార్క్ సుమారు 5,500 ఎకరాల్లో ఉంది. సింగపూర్ జూ దాదాపు 65-70 ఎకరాలే. డార్జిలింగ్‌లోని పద్మజా నాయుడు హిమాలయన్ జూ కూడా ఇంచుమించు అంతే. అయినా కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2022లో ప్రకటించిన నిర్వహణ మదింపులో దేశంలో మొదటి స్థానం డార్జిలింగ్‌కే వచ్చింది, 83 శాతం మార్కులతో. చెన్నై వండలూరు జూ, మైసూరు జూ ఆ తర్వాతి స్థానాల్లో నిలిచాయి.

కారణం సులువుగానే అర్థమవుతుంది. డార్జిలింగ్ జూ మంచు చిరుత, రెడ్ పాండా లాంటి చలి ప్రాంతపు జంతువుల మీదే దృష్టి పెట్టింది. వాటికి అక్కడి వాతావరణమే సగం వైద్యం. ఏ జంతువును పెంచగలమో, దేన్ని పెంచలేమో తెలుసుకోవడం జూ నాణ్యతలో మొదటి మెట్టు. సింగపూర్ జూలో ‘ఇనూకా’ అనే ధ్రువపు ఎలుగుబంటి ఉండేది. భూమధ్యరేఖకు ఆమడ దూరంలో, ఏసీ గదిలో! 2018లో అది చనిపోయింది. ఇకపై ధ్రువపు ఎలుగుబంట్లను తేబోమని ఆ జూ అప్పటికే నిర్ణయించుకుంది. ఎంతో పేరున్న జూ తన చేతకానితనాన్ని ఒప్పుకొన్న సందర్భం అది. నా దృష్టిలో అది దాని ఘనతే.

మొత్తం విస్తీర్ణం కాదు, ఒక్కో ఎన్‌క్లోజర్ ఎంత ఉందో చూడాలి. అక్కడా చిక్కుంది. ధ్రువపు ఎలుగుబంటికి జూలో ఇచ్చే స్థలం, అడవిలో అది తిరిగే కనీస పరిధిలో పది లక్షల వంతు మాత్రమేనని 2003లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది. అడవిలో విశాలంగా తిరిగే జంతువులే బోనులో ఎక్కువ కుంగిపోతాయని అదే పరిశోధన తేల్చింది. ఒకే గీత మీద అటూ ఇటూ తిరిగే పులి, నిలబడిన చోటే తల ఊపుతుండే ఏనుగు ఆడుకుంటున్నాయని పిల్లలకు చెబుతుంటాం. అది ఆట కాదు. చేయడానికి ఏమీ లేని జంతువులో కనిపించే లక్షణం.

బ్రిటన్: మునిసిపాలిటీ చేతిలో తాళం

బ్రిటన్‌లో 1981 నాటి జూ లైసెన్సింగ్ చట్టం ఉంది. ఏడాదిలో ఏడు రోజులో, అంతకంటే ఎక్కువో అడవి జంతువులను ప్రజలకు చూపించే ఏ స్థలమైనా దాని కిందికి వస్తుంది. మొదటి లైసెన్స్ నాలుగేళ్లకు, తర్వాత ఆరేళ్లకు ఇస్తారు. ఇచ్చేది స్థానిక కౌన్సిల్, అంటే మన మునిసిపాలిటీ లాంటిది. తనిఖీకి మాత్రం ప్రభుత్వం నియమించిన నిపుణుల జాబితా నుంచి ఇన్‌స్పెక్టర్లు వస్తారు.

కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉన్న ఏర్పాటు కూడా ఎలా విఫలమైందో చెప్పడానికి కుంబ్రియాలోని సౌత్ లేక్స్ సఫారీ జూ ఉదాహరణ. 2013లో అక్కడ ఒక పులి యువ కీపర్‌ను చంపేసింది. ఆ కేసులో 2016లో జూకు దాదాపు 3 లక్షల పౌండ్ల జరిమానా పడింది. 2013 జనవరి నుంచి 2016 సెప్టెంబరు వరకు అక్కడ 486 జంతువులు చనిపోయాయని ఇన్‌స్పెక్టర్ల నివేదిక బయటపెట్టింది. 2017 మార్చిలో కౌన్సిల్ యజమానికి లైసెన్స్ నిరాకరించింది.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నారన్నది ఒకటి. ఆ ప్రాంతానికి పర్యాటకులను తెచ్చే వ్యాపారం మీద ఆ ఊరి కౌన్సిలే చర్య తీసుకోవాల్సి రావడం ఈ పద్ధతిలోని బలహీనత. రెండోది, ఆ 486 అనే అంకె మనకు తెలిసింది నివేదిక కౌన్సిల్ ముందు బహిరంగంగా పెట్టారు కాబట్టే. చాలా దేశాల్లో ఆ అంకె ఫైలు దాటి రాదు.

అమెరికా: లైసెన్స్ వేరు, గుర్తింపు వేరు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు ఈ తేడా బాగా తెలియాలి. అక్కడ జంతువులను ప్రదర్శించాలంటే జంతు సంక్షేమ చట్టం కింద వ్యవసాయ శాఖ లైసెన్స్ కావాలి. అది పొందడం పెద్ద కష్టం కాదు. జంతువు మామూలుగా నిలబడి, తిరిగి, కదలగలిగేంత చోటు ఉండాలన్నది ఆ నిబంధనల్లోని ప్రధాన షరతు. పులి లాంటి జంతువులకు ఎన్ని చదరపు మీటర్లు అన్న లెక్క లేదు. అందుకే హైవే పక్కన పెట్రోలు బంకుతో పాటు పులి బోను నడిపిన వాళ్లూ ఉన్నారు.

అసలైన వడపోత వేరే చోట ఉంది. అమెరికా జూల సంఘం ‘ఏజడ్‌ఏ’ ఇచ్చే గుర్తింపు స్వచ్ఛందం. ఐదేళ్లకోసారి మళ్లీ పరీక్షకు కూర్చోవాలి. ప్రభుత్వ లైసెన్స్ ఉన్న ప్రదర్శనశాలల్లో ఈ గుర్తింపు ఉన్నవి పది శాతం లోపే. శాన్‌డియాగో, బ్రాంక్స్ లాంటి పేర్లు అందులోవి. మనవాళ్లు చూసొచ్చి మెచ్చుకునేవి దాదాపు అవే కాబట్టి ‘అమెరికా జూలు’ అంటే అన్నీ అలాగే ఉంటాయని భ్రమ పడుతుంటాం.

ఆ సంఘం తన పెద్దలను కూడా వదలదు. టీవీ కార్యక్రమాలతో దేశమంతా పేరు తెచ్చుకున్న కొలంబస్ జూకు 2021 అక్టోబరులో గుర్తింపు రద్దు చేసింది. మాజీ అధికారుల ఆర్థిక అవకతవకలు, ప్రదర్శనల కోసం బయటి వ్యాపారుల నుంచి జంతువులను తెచ్చుకోవడం అందుకు కారణాలు. జూ తన పద్ధతులు మార్చుకుని 2023లో గుర్తింపు తిరిగి తెచ్చుకుంది.

పులి పిల్లను ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగే వ్యాపారాన్ని అక్కడ 2022 డిసెంబరులో చట్టం చేసి ఆపేశారు. ఆ ఫొటోల వెనక సంగతి తెలిస్తే ఎవరూ దిగరు. పిల్లలు చిన్నగా ఉన్నన్ని వారాలే ఈ వ్యాపారం నడుస్తుంది. అందుకని ఎప్పుడూ కొత్త పిల్లలు పుడుతూనే ఉండాలి. పెరిగిపోయినవి ఎక్కడికి పోతాయో ఎవరూ అడగరు. ఇతర దేశాల్లో ఈ వ్యాపారం ఇంకా ఉంది. పర్యటనకు వెళ్లినప్పుడు ఎవరైనా పులి పిల్లను చేతికిస్తే ఆ చోటు నాణ్యత గురించి ఇంకేమీ విచారించనక్కర్లేదు.

డెన్మార్క్ జిరాఫీ, మన సర్కస్ సింహాలు

2014 ఫిబ్రవరి 9న కోపెన్‌హాగన్ జూ ‘మారియస్’ అనే యువ జిరాఫీని చంపింది. దానికి ఏ జబ్బూ లేదు. యూరప్ జూల ఉమ్మడి సంతానోత్పత్తి కార్యక్రమంలో దాని జన్యువులు ఇప్పటికే ఎక్కువగా ఉన్నాయన్నదే కారణం. కళేబరాన్ని సందర్శకుల ముందే కోసి చూపించి, మాంసాన్ని సింహాలకు వేశారు. ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. జూ అధికారులు మాత్రం దాచలేదు, క్షమాపణా చెప్పలేదు. గర్భనిరోధం వల్ల జంతువుకు పిల్లల్ని పెంచే సహజ జీవితం పోతుందని, దానికంటే ఇదే మేలని వాళ్ల వాదన.

మన దగ్గర ఇది ఊహకు కూడా అందదు. 1998 నోటిఫికేషన్‌తో సర్కస్‌లలో సింహాలు, పులులు, ఎలుగుబంట్ల ఆటలు నిషేధించాక, రోడ్డున పడ్డ ఆ జంతువుల కోసం రక్షణ కేంద్రాలు పెట్టారు. వాటిలో రెండు మన విశాఖ, తిరుపతి జూల్లోనే వచ్చాయి. ఆ సింహాల్లో చాలా వరకు ఆసియా, ఆఫ్రికా రకాల సంకరం. సంరక్షణ కోణంలో వాటికి విలువ లేదు. అయినా సంతానం కలగకుండా చూస్తూ, చివరి రోజు వరకు మేపారు.

ఏది మంచి పద్ధతి? దీనికి ఒక్క జవాబు లేదు. కానీ దేశాల మధ్య అంకెలు పోల్చేటప్పుడు ఇది గుర్తుండాలి. ముసలి సర్కస్ సింహాలను చేరదీసిన జూలో మరణాల సంఖ్య సహజంగానే ఎక్కువ కనిపిస్తుంది. ఎవరినీ చేరదీయని జూ లెక్కల్లో శుభ్రంగా ఉంటుంది. కాబట్టి ‘ఈ ఏడాది ఇన్ని జంతువులు చనిపోయాయి’ అన్న వార్త చూస్తే వెంటనే మూడు విషయాలు వెతకండి: ఏ వయసువి, ఏ కారణంతో, పోస్టుమార్టం నివేదికలో ఏముంది.

ఏనుగు దగ్గర అందరికీ కష్టమే

ఏనుగు సంగతి వచ్చేసరికి గొప్ప దేశం, పేద దేశం అన్న తేడా చెరిగిపోతుంది. 2008లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం యూరప్ జూల్లోని ఆడ ఆఫ్రికా ఏనుగుల మధ్యస్థ ఆయుర్దాయం 16.9 ఏళ్లు. కెన్యాలోని అంబొసెలి పార్కులో సహజ మరణం పొందినవాటికి అది 56 ఏళ్లు. ఆసియా ఏనుగులకు జూల్లో 18.9, బర్మా కలప కూపుల్లో పనిచేసినవాటికి 41.7. కలప మోసిన ఏనుగు, జూలో తిని కూర్చున్న ఏనుగు కంటే రెట్టింపు బతికిందన్నమాట! అవి పాత రోజుల లెక్కలని, తర్వాత పరిస్థితి మెరుగైందని జూల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అయినా ఆ అధ్యయనం వేసిన ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

టోక్యోలోని ఇనోకషిరా పార్కు జూలో హనాకో అనే ఏనుగు 2016లో 69వ ఏట చనిపోయింది. ఆయుష్షు చూస్తే గొప్ప విజయమే. కానీ అది దశాబ్దాల పాటు కాంక్రీటు నేల మీద ఒంటరిగా బతికింది. జపాన్‌లో జూలకంటూ ప్రత్యేక లైసెన్స్ చట్టం లేదు. జంతు సంక్షేమ చట్టం కింద ప్రదర్శన వ్యాపారంగా నమోదు చేసుకుంటే చాలు. అదే జపాన్‌లో హొక్కైడో దీవిలోని అసహియమా అనే చిన్న జూ, మూతపడే దశ నుంచి లేచి, పెంగ్విన్ల ఈతను నీటి అడుగు సొరంగం నుంచి చూపిస్తూ 2006 నాటికి ఏటా 30 లక్షల మందిని రప్పించుకుంది. జంతువు తన సహజ పనులు చేసుకునేలా ఎన్‌క్లోజర్ కట్టడమే వాళ్ల సూత్రం. ఒకే దేశంలో రెండు జూలు ఇంత వేరుగా ఉంటే ‘జపాన్ జూలు ఎలా ఉంటాయి’ అన్న ప్రశ్నకు ఏం చెప్పగలం?

పాకిస్థాన్‌లో కావన్ అనే మగ ఏనుగు ఇస్లామాబాద్ జూలో 35 ఏళ్లు గడిపింది. 2012లో తోడు చనిపోయాక ఒంటరిదైంది. 2020 మేలో ఇస్లామాబాద్ హైకోర్టు దాన్ని తగిన చోటికి పంపాలని ఆదేశించింది. నవంబరు చివర్లో విమానంలో కంబోడియా చేరింది. ఆ జూ మూతపడింది. ఆ తరలింపుల్లోనే, జులైలో, బోనులోంచి బయటికి తోలడానికి పెట్టిన మంట పొగకు రెండు సింహాలు చనిపోయాయి. తీర్పు ఎంత మంచిదైనా, దాన్ని అమలు చేసే కీపర్‌కు శిక్షణ లేకపోతే ఏమవుతుందో చెప్పే ఘటన అది.

మనం వేలెత్తి చూపే స్థితిలో లేం. ఏనుగులను జూల నుంచి శిబిరాలకు తరలించాలని కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లోనే ఆదేశించినా అమలు అరకొరే. ఢిల్లీ జూలో శంకర్ అనే ఆఫ్రికా ఏనుగు ఏళ్ల తరబడి ఒంటరిగా ఉంది. దాని సంరక్షణ సరిగా లేదని 2024 అక్టోబరులో వాజా ఆ జూ సభ్యత్వాన్ని సస్పెండ్ చేసింది. 2025 సెప్టెంబరులో శంకర్ చనిపోయింది.

మన చట్టం ఏమంటోంది?

చట్టం వరకు చూస్తే భారత్ వెనకబడి లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ చేసి, 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. సెక్షన్ 38హెచ్ ప్రకారం దాని గుర్తింపు లేకుండా దేశంలో ఏ జూ నడవకూడదు. గుర్తింపును రద్దు చేసే అధికారమూ దానికే ఉంది. అమెరికాలో స్వచ్ఛందంగా జరిగేది ఇక్కడ తప్పనిసరి. 2009 నిబంధనల్లో వారానికొక రోజు సందర్శకులకు సెలవు, జంతువును అవసరం లేకుండా గొలుసుతో కట్టకూడదు, చనిపోయిన ప్రతి జంతువుకూ పోస్టుమార్టం లాంటివి ఉన్నాయి. పులుల జంటకు బయటి ఎన్‌క్లోజర్ కనీసం 1,000 చదరపు మీటర్లు ఉండాలని సంస్థ ప్రమాణాలు చెబుతున్నాయి. అమెరికా చట్టంలో లేని లెక్క ఇది.

మరి తేడా ఎక్కడ? మనుషుల్లో, డబ్బుల్లో. మన పెద్ద జూలు దాదాపు అన్నీ అటవీ శాఖ కిందివి. జూ క్యురేటర్‌గా వచ్చిన అధికారి పని నేర్చుకునేలోపు బదిలీ అవుతారు. కీపర్లలో చాలామంది కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బంది. జంతువు ఒక పూట మేత వదిలేసిందని, కాలు కాస్త ఈడుస్తోందని ముందు గమనించేది వాళ్లే. ఆ ఉద్యోగం నిలకడగా లేకపోతే ఎన్ని కెమెరాలు పెట్టినా లాభం లేదు. హైదరాబాద్ నెహ్రూ జూలో 2000 అక్టోబరులో ఒక ఆడపులిని రాత్రికి రాత్రి చంపి చర్మం ఒలుచుకుపోయారు. తిరుపతి జూలో 2024 ఫిబ్రవరిలో ఒక సందర్శకుడు కంచె ఎక్కి సింహం ఎన్‌క్లోజర్‌లోకి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

అదే నెహ్రూ జూ ఖాతాలో గర్వపడే పనులూ ఉన్నాయి. సీసీఎంబీకి చెందిన లాకోన్స్‌తో కలిసి 2010 నుంచి మూషిక జింకలను పెంచి, 2017 నుంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. 2021 మేలో అక్కడి ఎనిమిది సింహాలకు కొవిడ్ సోకినప్పుడు, దేశంలో జంతువుల్లో అది మొదటి కేసు అయినా దాచకుండా ప్రకటించారు, సింహాలన్నీ కోలుకున్నాయి. విశాఖ జూ అడవి కుక్కల పెంపకంలో పేరు తెచ్చుకుంది. ఇవేవీ సందర్శకుడికి కనిపించవు, రేటింగుల్లోకి రావు.

మీరు ఏం చేయొచ్చు?

ఈసారి జూకు వెళ్లినప్పుడు ఒక ఎన్‌క్లోజర్ దగ్గర పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. జంతువు మనకు కనపడకుండా దాక్కోవడానికి చోటుందా? ఎండలో నీడ, తాగడానికి శుభ్రమైన నీరు ఉన్నాయా? ఎక్కడానికి, గీరడానికి, తవ్వడానికి ఏమైనా ఉందా? గుంపుగా బతికే జంతువును ఒంటరిగా ఉంచారా? జంతువు కనపడలేదని విసుక్కోకండి. కనపడకుండా ఉండే వీలు దానికి ఉండడం మంచి జూ గుర్తు. అరవడం, రాళ్లు విసరడం, తినుబండారాలు వేయడం సెక్షన్ 38జె కింద నేరం.

లోపం కనిపిస్తే తేదీ, సమయం, ఎన్‌క్లోజర్ పేరు రాసుకుని, ఫొటోతో ముందు క్యురేటర్‌కు, తర్వాత కేంద్ర జూ ప్రాధికార సంస్థకు పంపండి. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న జూల జాబితా, మదింపు నివేదికలు, ఏటా ఏ జూలో ఎన్ని జంతువులు పుట్టాయి, ఎన్ని చనిపోయాయి అన్న వివరాలు ఉంటాయి. మీ ఊరి జూ నివేదిక తీసి చూడండి. గత తనిఖీలో ఏం సరిచేయమన్నారో అందులో ఉంటుంది.

అక్కడ దొరకనిది సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. పది రూపాయల ఫీజుతో జూ ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘జూ పరిస్థితి ఎలా ఉంది’ అని అడిగితే ఏమీ రాదు. గత మూడేళ్లలో జాతులవారీగా మరణాలు, పోస్టుమార్టంలో తేలిన కారణాలు, మంజూరైన వెటర్నరీ డాక్టర్, కీపర్ పోస్టులు ఎన్ని, అందులో ఖాళీలు ఎన్ని, చివరి తనిఖీ సిఫార్సుల్లో అమలైనవి ఏవి అని విడివిడిగా అడగండి. విదేశాల్లో ఉన్నవాళ్లు టికెట్ కొనేముందు ఆ జూ పేరు అమెరికాలోనైతే ఏజడ్‌ఏ జాబితాలో, యూరప్‌లోనైతే ‘ఈఏజడ్‌ఏ’ జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు, రెండూ ఉచితంగానే దొరుకుతాయి. ఇక్కడ హైదరాబాద్, విశాఖ జూలకు సోమవారం, తిరుపతి జూకు మంగళవారం సెలవు.